రేణుక సంతకం పెట్టని లైను

ఆగస్టు 4
వనపర్తిలో మళ్లీ గది. ఈసారి తోడు రేణుక, గద్వాల పిల్ల. పోయినేడు నాతో ఉన్నామె నీళ్ల దగ్గర గొడవపడి మధ్యలో ఖాళీ చేసింది. ఒక్కదాన్నే గది పట్టుకోలేక రెండు నెలలు మా ఊరు వీపనగండ్ల నుంచి బస్సులో తిరిగాను. పొద్దుటి ప్రాక్టికల్స్ అన్నీ పోయాయి. ఇప్పుడు ప్రతిదీ కాగితం మీద ఉండాలి. చెబితే రేణుక నవ్వింది. "ఏందే, చేను కౌలుకిస్తున్నవా?"

ఆగస్టు 6
ఎలా మొదలుపెట్టాలో తెలియదు. "ఇద్దరం ఒప్పుకున్నది ఏమనగా" అని రాశాను. వంట రోజు మార్చి రోజు. నల్లా వచ్చినప్పుడు గదిలో ఎవరుంటే వాళ్లే బిందెలు నింపాలి. ఫోన్ వస్తే మెట్ల మీదికి పోయి మాట్లాడాలి. పప్పులో కారం ఎంత అన్నదాని మీదే గంట పట్టింది.

ఆగస్టు 7
ఆఖరి లైను — మధ్యలో పోయేవాళ్లు తమ బదులు ఇంకొకరిని తెచ్చిపెట్టి పోవాలి.
రేణుక అన్నిటి పక్కనా పేరు రాసింది. దీని దగ్గర పెన్ను మూసింది.

ఆగస్టు 12
ఎందుకు? పెళ్లి సంబంధమా? ఇంకో గది చూసుకుందా? అడిగితే "నాకే తెల్వదు" అంటుంది. అబద్ధమాడే మనిషి కాదు. చారులో ఉప్పు మరిచినా, నేను నోట పెట్టకముందే చెబుతుంది.

ఆగస్టు 24
రేణుకతో వాళ్లింటికి. ముందుగదంతా మగ్గమే. సగం నేసిన చీర. వాళ్లమ్మ నేస్తోంది — పోగు తెగితే ముఖం దాకా వంగి వెతుకుతుంది. రెండు కళ్లలో పొర, ఆపరేషన్ చేయించాలట. నన్నూ కూర్చోబెట్టారు. అడ్డపోగు చుట్టిన నాడె అటు నుంచి ఇటు విసిరితే కింద పడింది. "నీది పత్తి ఏరే చెయ్యి బిడ్డా" అంది వాళ్లమ్మ.
ఆపరేషన్ చేయించుకునే దాకా పక్కింటివాళ్లెవరైనా నేయరా అని అడిగాను.
"వేరేటోళ్లు కూసుంటే పోగును కొట్టే దెబ్బ మారుతది. చీరల కనవడ్తది." రేణుక వైపు చూసింది. "దీన్ది నా చెయ్యే. నేనే నేర్పిన."
మా చేలో కలుపుకు ఎవరొచ్చినా ఒకటే. ఒకరు రాకపోతే ఇంకొకరు. ఆ లైను అలాగే రాసేశాను.

ఆగస్టు 25
నిన్న బస్సులో రేణుక తనే చెప్పింది. "అమ్మ పిలిస్తె పోత. ఎన్ని దినాలో తెల్వదు. ఎవర్నో తెచ్చి నీ పక్కన పండవెట్టి పోవుడు నాతోని కాదు."

సెప్టెంబర్ 3
ఆ లైను కొట్టేశాను. "వారం ముందు చెప్పాలి" అని రాశాను. దానికీ పెన్ను తీయలేదు.
"కండ్లు వారం ముందు చెప్తయా?"

సెప్టెంబర్ 9
వాళ్లింటి నుంచి ఫోన్. మెట్ల మీదికి పోలేదు, గదిలోనే మాట్లాడింది. దవాఖానలో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారట. సగం బట్టలు సర్దుకుని సాయంత్రం బస్సుకు పోయింది. పుస్తకాలు ఇక్కడే.

సెప్టెంబర్ 11
రెండు రోజులుగా ఇద్దరికి వండుతున్నాను.

సెప్టెంబర్ 16
ఓనరమ్మ ఉప్పునుంతల పిల్లను వెంటబెట్టుకొచ్చింది. ఫస్టియర్. నెమ్మదస్తురాలు. "ఆ పిల్ల వస్తదా, రాదా... జర ఒక్క మాట జెప్పు. రాకుంటే ఈ పిల్లను వెట్టుకో. ఇద్దరికంటే ఎక్కువ ఉండద్దు." నెలాఖరు దాకా గడువు.
రేణుకకు ఫోన్ చేశాను. వెనక ఎవరితోనో మాట్లాడి వచ్చింది. అమ్మ కళ్లకు ఇంకా కట్టు ఉందట. చీర ఇంకా మగ్గం మీంచి దిగలేదట. ఇది అయ్యాక ఇంకో చీర ఉందా అని అడిగాను. ఓనరమ్మ తెచ్చిన పిల్ల సంగతీ చెప్పాను.
"ఆ పిల్లను పెట్టుకో అంటలే. వద్దని గూడ అంటలే."

సెప్టెంబర్ 18
ఉప్పునుంతల పిల్ల మళ్లీ వచ్చింది. కాగితం ఉందట కదా, చూపించమంది. నిలబడే అంతా చదివింది. కారం దగ్గర నవ్వింది. తర్వాత రేణుక పుస్తకాల వైపు చూసింది.
"అక్కా, ఈ అక్క వచ్చినంక నేనేడికి పోవాలె?"
తనే చాప తీసుకుని గోడ పక్కన పరిచి చూసింది. మూడో చాప పడుతుంది — తలుపు సగమే తెరుచుకుంటుంది. ముగ్గురం ఉండొచ్చా అని పొద్దున ఓనరమ్మను అడగాలి. ఆమె ఒప్పుకోకపోతే ఏం చేయాలో మా కాగితంలో లేదు.