లెక్కలోకి రానిది

టొరంటో

అన్నకు, చెల్లెలు సరోజ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ మేము బాగున్నాం. నాయన మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదిన, నీ బిడ్డ లత కులాసాయేనా?

మంచు ఇంకా కరగలేదు. రాగిపిండి దొరికితే సంగటి చేశాను, ఉండలు కట్టింది. మీ బావ పాపం బాగుందనే తిన్నాడు. నా ఉద్యోగం తెలుసు కదా, కోర్టు విచారణల టేపులు విని టైపు చేయడం. పోయిన వారం ఒకడి శిక్ష గురించి వాదనలు. చిన్నపిల్లను పాడుచేశాడు. ఇలాంటివాళ్లు మళ్లీ చేస్తారా అని ఏళ్లుగా పరిశోధించిన డాక్టరును పిలిచారు. కొందరు చేస్తారట, చాలామంది మళ్లీ పట్టుబడరట. "మరి ఈ మనిషి?" అని జడ్జి అడిగింది. "గుంపు సంగతి చెప్పగలను, ఈ ఒక్కడి సంగతి చెప్పలేను. ఎవరూ ఫిర్యాదు చేయనివి మా లెక్కలోకి రావు" అన్నాడాయన. ఆ మాట దగ్గర టేపు ఆపేశాను. పిల్లలతో వాడు ఒంటరిగా ఉండకూడదని చివరికి జడ్జి ఆజ్ఞ ఇచ్చింది.

ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం. పక్కింటి పాప కేసులో జైలుకు పోయిన చిన్నాయన తిరిగొచ్చాడని, గుడి ముందు కర్పూరం ఆర్పి ప్రమాణం చేశాడని, నాయన మళ్లీ మగ్గం ఇచ్చాడని రాశావు. పెద్ద అంచు చీరకు అడ్డపోగు నడిపే నాడె అందించడానికి లత ఆయన పక్కన కూర్చుంటోందట. "ఒక్కసారి తప్పు చేసినోన్ని ఎన్నేండ్లు దూరం పెడతాం?" అన్నావు.

అన్నా, ఒక్కసారి కాదు. పెనుకొండలో, నేను లతంత ఉన్నప్పుడు, నాతో. అవ్వకు చెప్పాను. ఆమె తలుపేసి ఆయన చేత కర్పూరం ఆర్పించింది. "ఇంగ చేయడులేమ్మా. ఎవురికీ చెప్పొద్దు, మీ నాయన తట్టుకోలేడు" అంది. నేను నమ్మాను. పక్కింటి పాప ఆ తర్వాత. ఇప్పటికీ ఇంట్లో కర్పూరం వెలిగించను. ఆ వాసనకు తలుపు వేసిన ఆ గది కళ్ల ముందుకొస్తుంది.

అవ్వ ఫొటోకు నా తరఫున దండం పెట్టు. ఆమె మీద కోపం లేదని రాయాలనుంది, చేతకావడం లేదు. వదినకు, పెద్దలకు నమస్కారాలు. నాయనకు ఎట్లా చెబుతావో నీ ఇష్టం.

ఏ కోర్టు లెక్కలోనూ నేను లేను. నువ్వైనా నన్ను లెక్కలో వేసుకో. ఈ ఉత్తరం మడిచేముందే పోయి లతను ఆ మగ్గం దగ్గర నుంచి లేపు.

నీ దీవెనలు కోరే
సరోజ