ఏడో మంచం టిక్కులు

వదినా, నేను కులాసాగానే ఉన్నాను, కంగారు పడకు.

కదల్లేని రోగుల్ని రెండు గంటలకోసారి పక్క తిప్పితే పుండ్లు ఎంత తగ్గుతాయో మా వార్డులో పరిశోధన చేస్తున్నామని చెప్పాను కదా. తిప్పినప్పుడల్లా కాగితం మీద టిక్కు పెట్టాలి. మొన్న మధ్యాహ్నం ఏడో మంచం మీదున్న దర్జీగారు, "పొద్దున్నుంచీ ఈ గోడే చూస్తున్నానమ్మా, కాస్త కిటికీ వైపు తిప్పుతావా?" అన్నారు. కాగితంలో చూస్తే అప్పటిదాకా పడాల్సిన మూడు టిక్కులూ ఉన్నాయి. తిప్పి చూస్తే నడుం కింద కోటు బొత్తామంత పుండు.

ఆ టిక్కులు నావే, వదినా. పని తెమలదని డ్యూటీ ఎక్కగానే సాయంత్రం దాకా పెట్టేశాను. ఈ పరిశోధన కావాలని పోరు పెట్టిందీ నేనే. హెడ్ సిస్టర్ దగ్గర ఒప్పుకుంటే, నెల రోజుల కాగితాలూ పక్కన పడేసి, "ఇకనించి టిక్కులొద్దు. వీపు చూసి, కనిపించింది రాయండి" అన్నారు. దర్జీగారికీ చెప్పాను. "కుట్టకుండానే కుట్టేశానని నేనూ చాలామందికి చెప్పానులేమ్మా" అన్నారాయన.

నా ఊలు స్వెట్టరు పంపు. చంటిదానికి పళ్ళొచ్చాయా? పెద్దవాళ్ళకి నా నమస్కారాలు, పిల్లలకి ముద్దులు.

నడుం విరిగి మంచాన ఉన్న అన్నయ్య కోసం నేను గీసిచ్చిన కాగితం నిండా టిక్కులేనని మురిసిపోతూ రాశావు. దాన్ని చింపెయ్. ఈ కార్డు చదవగానే అన్నయ్య చొక్కా పైకెత్తి చూసి, ఏం కనిపించిందో రాయి.

నీ ఆడపడుచు