మాటకు సరిపోయేంత ఊపిరి

అశోక్‌నగర్,
హైదరాబాద్.

అన్నకు, వదినకు చెల్లె యాదమ్మ చేతులు జోడించి రాస్తున్న సంగతులు.

అక్కడ మీరందరు మంచిగున్నరనుకుంటున్న. నేను మంచిగనే ఉన్న. నీ ధైర్యానికి రాస్తున్న మాట కాదన్నా, నిజంగనే మంచిగున్న. రెండు పూటల తింటున్న, గోడ పట్టుకోకుండ నడుస్తున్న. అక్కడ వాన పడ్డదా? ఇక్కడ నాలుగు దినాల సంది ముసురే. వదినకు మోకాలు నొప్పి తగ్గిందా? లావణ్య సతాయిస్తలేదు గదా? బిడ్డ మీ దగ్గర ఉన్నది కాబట్టే నేను ఇక్కడ నిమ్మళంగ పండుకుంటున్న.

ఫోన్ ఉండంగ ఉత్తరం ఎందుకు రాస్తున్నదో అనుకుంటవు. పోయినసారి ఎవరో ఫోన్ చేసిండ్రనుకున్నవు గదా, అది నేనే. "హలో" అన్న. ఉన్న గాలంత ఆ ఒక్క మాటకే అయిపోయింది. నువ్వేమో "ఎవరు, ఎవరు" అంటనే ఉన్నవు. లావణ్య ఫోన్ గుంజుకున్నది. జర సేపు విని, "మామా, ఎవరో ఊదుతున్నరు. అమ్మ కాదు" అన్నది. పెట్టేసింది. ఫోన్ ఒళ్లె పెట్టుకొని శానసేపు అట్లనే కూసున్న. మీ బావ పనికాడికెంచి వచ్చి అడిగిండు. చెప్పనీకె గాలి కూడ లేకుండె.

అందుకే మొదటి సంది రాస్తున్న. నువ్వు దవాఖానకు వచ్చిననాడు నాకు తెలివుండె అన్నా. నేను పండుకొని లేను. నువ్వు అద్దం అవతల నిలబడి, "చెల్లే, ఒక్క మాట మాట్లాడే" అని ఏడుస్తున్నవు. పెదవులు కదిపిన. నీకు కనబడలె.

అది నరాలు సన్నగిల్లే జబ్బట. హాస్టల్ల వంట చేస్తుంటె కాళ్లు తిమ్మిరెక్కినయి. నిలబడి నిలబడి అట్లయింది అనుకున్న. ఆ తిమ్మిరి నడుముకు పాకింది, చేతులకు పాకింది, ఆఖరికి ఊపిరి తీసే కండలకు చేరింది. అప్పుడు మెషీన్ పెట్టిండ్రు.

ఆ దినాలు యాది చేసుకుంటె నీళ్ల కింద పండుకున్నట్టే ఉంటది. మెషీన్ గాలి నూకేది, ఛాతి లేసేది. ఇడిసేది, ఛాతి దిగేది. నేను ఊపిరి తీసుకుంటున్న అని అనిపించకపోయేది, నన్నెవరో ఊయలల వేసి ఊపుతున్నట్టుండేది. కిటికీకి పచ్చ పరద ఉండె. అది ఉబ్బేది, అణిగేది. ఆ పరదే నా ఛాతి అని ఒకపారి గట్టిగ నమ్మిన. నర్సమ్మ వచ్చి పరద పక్కకు జరిపితె భయపడ్డ.

మెషీన్ తీసిండ్రు గాని, మెడ కింద రంధ్రం చేసి పెట్టిన గొట్టం ఉండె. నా ఊపిరి నేనే తీసుకుంటున్న, నోరు తెరుస్తున్న, మాట లేదు. గొంతు పోయిందనుకున్న. అప్పుడు నస్రీన్ మేడం వచ్చింది. మాట పోయినోళ్లకు మాట నేర్పుడే ఆమె పని. నాకంటె చిన్నదే ఉంటది. మంచం అంచుకు కూసొని, "గొంతు ఎక్కడికి పోలేదక్కా. గాలి తొవ్వ మారింది, అంతే" అన్నది. గొంతుల రెండు సన్నటి మడతలు ఉంటయట. కిందికెంచి గాలి వచ్చి నూకితె అవి అదురుతయి, అదే మన చప్పుడు. నా గొట్టం వాటికి కింద ఉన్నది. గాలి వాటిదాక పోకముందే బయట పడుతున్నది.

డాక్టరు సరే అన్నంక, నేను ఊపిరి ఇడిసేటప్పుడు ఆమె వేలుతోని గొట్టం మూతి మూసింది. "ఆ" అని వినబడ్డది. పక్క మంచం పెద్దమ్మ అన్నదనుకున్న. మేడం నవ్వుతున్నది. "మీరే అక్కా" అన్నది. నా కండ్లకెంచి నీళ్లు చెవులల్లకు కారినయి.

గొట్టం తీసినంక అంత సక్కగయితది అనుకున్న గాని కాలె. సావిత్రమ్మ గారు, మా హాస్టలామె, కింద అర్ర ఇచ్చింది మెట్లెక్కే పని లేకుండ. వంట వేరేటామె చేస్తున్నది. ఆమె పప్పుల చింతపులుసు ఎక్కువ పోస్తది. తింటున్న గాని నా నాలుకకు ఎక్కుతలేదు. సర్కారు నౌకరీలకు చదువుకునే హాస్టల్ పిల్లలు పొద్దుగాల లేచిందే మొదలు పాఠాలు బట్టీ పడుతుంటరు. ఆ గునుగుడు వింటుంటె నాకు నిద్ర ముంచుకొస్తది. అంత మాట ఎక్కడికెంచి వస్తున్నది వీళ్లకు అని కుళ్లుకునేదాన్ని. నాకేమో రెండు మాటలకే గాలి అయిపోయేది. మూడో మాట గుసగుస.

మల్ల దవాఖానకు పోతె నస్రీన్ మేడం చెప్పింది. గాలిని మనం ముక్కుతోని గుంజుకోమట. పొట్టకు, ఊపిరితిత్తులకు నడుమ ఒక కండ పరద ఉన్నది. అది కిందికి దిగితె, పక్కటెముకలు విచ్చుకుంటె, లోపల జాగ పెరిగి ఒత్తిడి తగ్గుతది. అప్పుడు గాలి దానంతట అదే వస్తది. ఇడిసేటప్పుడు మొత్తం ఒక్కసారి పోనిస్తె నిట్టూర్పు అయితది, మాట కాదు. మొదట జర ఆపుకుంట ఇడవాలె, ఆఖరుకు పొట్టతోని నూకాలె. అట్లయితేనే ఒత్తిడి మొదటి సంది ఆఖరుదాక ఒక్క తీరుగ ఉంటది. నాకు ఆ ఆఖరు నూకుడే వస్తలేదట. నాయిన కొలిమి తిత్తి నొక్కుతుండె చూడు, ఒకసారి నొక్కి ఊకుంటె నిప్పు రాజుకోదు అనేటోడు. అది చెప్పితె మేడం సంబరపడ్డది.

గిలాసల నీళ్లు పోసి, కూల్‌డ్రింక్ తాగే పీకె మూడు వేళ్ల లోతు ముంచి ఊదమన్నది. బుడగలు ఆగకుండ రావాలె. నా పీకెల మొదట ఒక్క బుడగ రాలె. నీళ్లు నన్ను చూస్తున్నట్టుండె. రోజూ ఊదిన. పొట్టకు వెడల్పు గుడ్డ పట్టీ కట్టింది, బల్ల మీదికి జర ఒంగి ఊదమన్నది. ఒకనాడు బుడుగు బుడుగు మని వచ్చినయి. మీ బావ అన్నం కలుపుకునేటోడు ఆగి చూసిండు. "మల్ల ఊదు" అన్నడు. ఊదిన. ఆయన అన్నం చల్లారిపోయింది.

ఏ అక్షరం ఎంత గాలి తింటదో కూడ చెప్పింది. "హ" తోని గాలంత కారిపోతదట. "ల", "వ" పొదుపుగ పోతయట. "ముందు ఏం మాట అంటరు?" అని అడిగింది. "లావణ్య" అన్న. "మంచి మాట, గాలి నిలబడే మాట" అన్నది.

ఒకనాడు తెలంగాణ ర్యాలీ చిక్కడపల్లి రోడ్డు మీదికెంచి పోయింది. గడపల కూసొని విన్న. అంత మంది ఒక్కసారి అరుస్తరు, ఒక్కసారి ఆగుతరు. ఆ ఆగుడు ఇంతకు ముందు ఎన్నడు వినలేదన్నా. అంత మంది ఛాతులు ఒక్కసారి నిండుతున్నయి. నేను కూడ వాళ్లతోని నింపుకున్న. అరిసిన. ఎవరికి వినబడలె గాని, నా గొంతు కింద ఎముక అదిరింది.

మొన్న వాన తెరిపిస్తె మీ బావతోని మార్కెట్‌కు పోయిన. ఆయన ఉల్లిగడ్డలు ఏరుతున్నడు. నేను బెండకాయలామె ముందల నిలబడ్డ. ఆటోల చప్పుడు, స్కూటర్ల హారన్లు. ఆగిన. పట్టీ మీద చెయ్యి పెట్టుకున్న, నిండ తీసుకున్న. "పావుకిలో బెండకాయ వెయ్యక్కా" అన్న. ఆమె తలెత్తకుండనే తరాజుల వేసింది. "ఏంది?" అని మల్ల అడగలె. ఎవ్వలతోనైన మాట్లాడినట్టే నాతోని మాట్లాడింది. తొవ్వ పొడుగూత నవ్వుకుంట వచ్చిన.

వదిన చేసిన చింతకాయ తొక్కు ఎవ్వరన్న ఇటు వచ్చేటోళ్లుంటె పంపు. పెద్దమ్మకు, చిన్నాయినకు నా దండాలు చెప్పు. మీ ఇద్దరి దీవెన నా మీద ఉండాలె.

ఆదివారం పొద్దుగాల ఫోన్ చేస్త. హలో అనను. బిడ్డ పేరే అంట. ఫోన్ దాని చెవికాడ పెట్టి, నువ్వు పక్కనే ఉండు. మాటకు మాటకు నడుమ చప్పుడు లేకుంటె పెట్టెయ్యొద్దని చెప్పు. అమ్మ పోలేదు, మల్లొక మాటకు ఊపిరి తీసుకుంటున్నది అని చెప్పు.

మీ చెల్లె,
యాదమ్మ