రెండడుగులని రాసేను

నవంబర్ 3, సోమవారం

తుఫాను పోయి నాలుగోరోజు. మా వార్డులో రోడ్డు కింద పెద్ద డ్రైనేజీ పైపు పగిలిపోయింది. సాయంత్రానికల్లా ఎస్టిమేట్ కావాలని మా పై ఆఫీసరు, డీఈ చంద్రమౌళి సార్ ఆర్డర్. వార్డు ఇంజినీర్ని నేనే కదా, రాజశ్రీ మేడమ్‌ని. వెళ్ళేను. పాత రికార్డు ఎవరి దగ్గరా లేదు. పైపు మూతి నిండా నల్లనీళ్ళు, ముక్కు పగిలిపోయే కంపు. టేపు దించితే వంకర తిరిగిపోతంది. మునగపాక నుంచొచ్చే ట్రాక్టర్లోంచి జారిపడిన చెరుకు గెడ ఒకటి కనిపిస్తే, దాన్నే పైపులోకి దించేను. గెడ ఆగేక పైపు పై అంచు దగ్గర గోరుతో గీత పెట్టి కొలిచేను, పైపు ఎంత లావో. రెండడుగులు.

పైపు పక్కన ఒంటిగది ఇంట్లో చేపలమ్మే ఎరుకమ్మ ఉంటుంది. తుఫాను రోజు నీళ్ళు మంచం దాకా వచ్చింది ఆవిడింట్లోనే. నా వెనకాలే నిలబడి, గెడ ఆగింది బురద మీద, పైపు ఇంకా కిందకుంది, గట్టిగా నొక్కమ్మా అంది. అప్పటికే నా చెప్పు ఒకటి బురదలో కూరుకుపోయింది. చిరాకేసింది. ఇంజినీరింగ్ చదివింది నువ్వా నేనా అని పైకి అనలేదు గానీ మొహం అలాగే పెట్టేను. ఆఫీసుకొచ్చి రెండడుగులని రాసేను.

నవంబర్ 6

ఎస్టిమేట్ శాంక్షన్ అయిపోయింది, ఇంత స్పీడుగా ఎవరూ చేయలేదని సార్ అందరి ముందూ అన్నాడు.

నవంబర్ 14, శుక్రవారం

టెండర్లు తెరిచేరు. ముగ్గురు వేసేరు, త్రినాధరావు అనే కాంట్రాక్టర్‌కి వచ్చింది. ఇరవయ్యో తారీకున వర్క్ ఆర్డర్ మీద సార్ సంతకం. ఇంటికొస్తూ ఆగి ఎరుకమ్మకి చెప్పేను. కొత్త పైపు వచ్చేస్తంది, ఇంక నీ ఇంట్లోకి చుక్క నీరు రాదని. ఎంత గొప్పగా చెప్పేనో.

నవంబర్ 16, ఆదివారం

సెలవే, కానీ పైపులు కడిగే జెట్టింగ్ మిషన్ ఇవాళే దొరికింది. పనికి ముందు లైన్ అంతా కడిగించేను. బురద వచ్చింది, వచ్చింది, ఇంకా వచ్చింది. నీళ్ళు తీసేసేక మిషన్ ఆపరేటర్ దేముడు పగిలిన మూతి దగ్గర టేపు పట్టి, మూడడుగులు మేడమ్ అన్నాడు. మళ్ళీ పట్టమన్నాను. మూడే.

నా గెడ ఆగింది బురద మీదే. అడుగు మందం బురద. ఆవిడ చెప్పినట్టే.

మూడడుగుల పైపులో వచ్చే నీళ్ళకి మధ్యలో రెండడుగుల పైపు తగిలితే ఏటవుద్ది? వెనక్కి తంతాయి. ముందు ఎవరింట్లోకి? ఆ వీధిలో అందరికంటే పల్లంలో ఉన్నది ఎరుకమ్మ ఇల్లే. అన్నం సయించలేదు. ఒంట్లో బాలేదా అని అమ్మ అడిగింది. తలనొప్పన్నాను.

నవంబర్ 17

సార్‌కి చెప్పేద్దామని వెళ్ళేను. నా ప్రొబేషన్ ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది. మంచి రిమార్కు రాసి ఈ వారంలో పైకి పంపిస్తానన్నాడు. టీ తెప్పించేడు. తాగి వచ్చేసేను. సిగ్గులేదు నాకు.

నవంబర్ 18

త్రినాధరావు ఫోన్ చేసేడు. సైటు చూసుకున్నాడట, కొలుచుకున్నాడట, మూడడుగులొచ్చిందట. గొడవ పెడతాడనుకున్నాను. చాలా మర్యాదగా మాట్లాడేడు. ఎస్టిమేట్ పేపర్లో ఏదుంటే అదే వేస్తాడట, కంగారు పడొద్దట.

"మట్టి కప్పేత్తే ఇంకెవరు తవ్వి చూత్తారు మేడమ్?"

తిట్టినా బాగుండేది. ఇప్పుడు అతనూ నేనూ ఒక జట్టు.

నవంబర్ 19, బుధవారం, సాయంత్రం 6

బంగాళాఖాతంలో అల్పపీడనం. రేపే సంతకం. ఇవాళ ఏదో వంక పెట్టుకుని ఎరుకమ్మ ఇంటికి వెళ్ళేను. గదిలో ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి తెలిసింది, మంచం కిందకి దిగిపోయింది. తుఫాను నుంచీ మంచం కోళ్ళ కింద మూడేసి ఇటుకలుండేవి. ఏవి అన్నాను. ఎదురింటోళ్ళవట, తిరిగిచ్చేసిందట.

"నీరు రాదని నువ్వే సెప్పేవు కదా తల్లీ."

టీ పెడతానంది. వద్దని బండెక్కేను. కశింకోట రోడ్డు మీద కొంతదూరం పోయి, బండి పక్కకి ఆపి ఏడ్చేను. ఆవిడ బురద అంటే నేను నమ్మలేదు. నేను చెప్పిందానికి ఆవిడ ఇటుకలు ఇచ్చేసింది.

నవంబర్ 20

చెప్పేసేను. సార్ పెన్ను మూత తీసేక గానీ నోరు రాలేదు. ఆయన ముందు నమ్మలేదు. ఇంకెవరికి తెలుసని అడిగేడు. త్రినాధరావు గురించి చెప్పేను. మొదటిరోజే ఎరుకమ్మ చెప్పింది సార్, నేనే వినలేదు అన్నాను. పెన్నుకి మూత పెట్టేసేడు. టెండర్ క్యాన్సిల్. మూడడుగులకి కొత్త ఎస్టిమేట్, మళ్ళీ టెండర్, మూడు వారాలు పడుతుంది. నాకు మెమో. ప్రొబేషన్ ఫైలు టేబుల్ మీంచి తీసి సొరుగులో పడేసేడు.

త్రినాధరావు పదకొండుసార్లు ఫోన్ చేసేడు. ఎత్తలేదు. అతనంటే భయం లేదు ఇప్పుడు. మూడు వారాలు ఆగమని వానకి ఎవరు చెప్తారు?

నవంబర్ 22, మధ్యాహ్నం 3

వాన మొదలైంది. గోనెసంచిలో ఇటుకలు వేసుకుని బండి మీద రెండు ట్రిప్పులు తిరిగేను. ఎరుకమ్మకి అంతా చెప్పేను. ఆవిడ లేచి మంచం ఒకవైపు ఎత్తి పట్టుకుంది. ఎన్నేసి పెట్టమంటావని అడిగేను. నాలుగంది. మూడు చాలవా అని నోటిదాకా వచ్చింది.

నాలుగే పెట్టేను.