ఫోటో కింద నేను రాసిన మాట

బుధవారం, రాత్రి

ఉదయం పదకొండింటికి లైన్‌మన్ వచ్చి బత్తాయి రైతు హుసేనప్ప బోరుకు కరెంటు తీసేశాడు. రెండు పొలాల మధ్య గట్టు మీదున్న ఆ బోరు తమదేనని పక్కనున్న ద్రాక్షతోట రిసార్టు వాళ్లు అర్జీ పెట్టారు. రుజువుగా జతచేసింది మా పత్రికలో వచ్చిన ఫోటో. తీసింది నేను.

గండికోట దారిలో ఆ రిసార్టు విల్లాలకు, టెన్నిస్ కోర్టులకు భూమిపూజ జరిగిన రోజది. వాళ్లు వేసిన బోర్లలో దుమ్మే వచ్చింది. అతిథుల ముందు ద్రాక్ష మొక్కలకు నీళ్లు పారాలని, ఒక్కరోజుకు హుసేనప్ప బోరు అడిగారు. పక్క పొలం వాళ్లు కదా అని ఆయన ఊరికే ఇచ్చాడు. 'రిసార్టు బోరులో పుష్కలంగా నీళ్లు' అని మేనేజరు చెప్పిందే ఫోటో కింద రాశాను. ఫోటోలో పైపు పట్టుకుని నిలబడిన హుసేనప్పను ఒక్క మాట అడగలేదు.

సాయంత్రం వాళ్లింటికి పోయాను. హుసేనప్ప భార్య చెంబు అందిస్తూ, "తాగన్నా, ఈ నీళ్లన్నా మావేనని రాసుకో," అంది.

హుసేనప్ప నవ్వలేదు. "చీనీ చెట్లు కాయ మీదుండాయప్పా. తడి లేకుంటే అంతా రాలిపోతాది. ఆ పొద్దు నన్ను అడిగింటే చెప్పింటాను గదా?"

"పేపర్లో చూసినప్పుడైనా చెప్పాల్సింది," అన్నాను.

"మాకు చదవను యాడొస్తాది? నా మొగం పడిండాదని గోడకు అంటిచ్చుకుంటిమి."

ఆ ఫోటో ఇంకా అక్కడే ఉంది.

నా తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసి సంచిలో పెట్టాను. సవరణ వేయడానికి ఎడిటర్ ఇంకా సరే అనలేదు.

రేపు పదిన్నరకు ఆర్డీఓ ఆఫీసులో ఆ బోరు ఎవరిదని విచారణ. మొదటి సాక్షిని నేనే. పిలిపించింది రిసార్టు వాళ్లు.