అమ్మ రాసిన మొదటి పేజీ

ఆదివారం, నాచారం

మోర్మన్ల క్రైస్తవ చర్చికి వెళ్లడం మానేసి ఏడాదైనా ఆ పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. ఈరోజు సంచిలో వేసుకుని ఉప్పల్‌లో పాత పేపర్లు కొనే కొట్టుకు తీసుకెళ్లాను. కొట్టతను పైనున్నది తెరిచి చూసి, వెంటనే మూసి కళ్లకద్దుకున్నాడు.

"దేవుని పుస్తకాలక్కా, నేను తూకమెయ్య. పొట్లాలకు చింపుతరు. ఇంటికి తీస్కపో," అన్నాడు.

అతని దేవుడు కాదు. ఇప్పుడు నాకూ కాదు. అయినా తిరిగి మోసుకొచ్చాను.

అమ్మ మోర్మన్ గ్రంథం కూడా ఆ సంచిలోనే వేశానని ఇంటికొచ్చాక తెలిసింది. నా మాట మీదే అరవయ్యో ఏట బాప్తిస్మం తీసుకుంది, ఆ నమ్మకంతోనే పోయింది. ఆ చర్చిలో అందరిలాగే మొదటి పేజీలో తన సాక్ష్యం, అంటే ఎందుకు నమ్మిందో, రాసుకుంది:

"ఇది నిజమని నా బిడ్డ చెప్పింది. నా బిడ్డ అబద్ధం చెప్పది."