ఆ నలుపు నీది కాదని చెప్పేశాను

నాయనా,

నువ్వు పోయి ఏడాదైంది, నిన్న నీ సంవత్సరీకం పెట్టాం. వంట అవుతుండగా తిరుచానూరు నుంచి ఒకామె మన ఇంటికి వచ్చింది. కొత్తగా పుట్టిన మనవరాలిని చుట్టడానికి కలంకారీ గుడ్డ కావాలంది. తమ్ముడు చూపించిన నెమళ్ళ గుడ్డ ఆమెకు బాగా నచ్చింది.

"దీంట్లో కెమికల్ ఏమీ లేదు కదప్పా?" అని అడిగింది.

"మా నాయన సేసినట్టే సేస్తాండామమ్మా," అన్నాడు వాడు.

ఆ నెమళ్ళకు వాడు వేసిన నలుపు అంగట్లో కొన్న డబ్బా రంగు. నేను కెమిస్ట్రీ టీచర్నని తెలిసి ఆమె నా వైపు తిరిగింది. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీ కుండలో జరిగిందీ రసాయన చర్యే. ఆ నీళ్ళు తగిలి కరక్కాయ పట్టించిన గుడ్డ నల్లబడటాన్ని ఏటా పిల్లలకు పాఠంలో చెబుతాను. ఆ మాటే చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆమె అడిగింది అది కాదు, పసిబిడ్డ ఒంటి గురించి.

"ఈ నలుపు మా నాయన చేసే నలుపు కాదమ్మా, డబ్బా రంగు," అన్నాను.

ఆమె గుడ్డ మడిచిపెట్టి వెళ్ళిపోయింది.

"స్వర్ణముఖిలో నీళ్ళు యాడుండాయక్కా? నాయన రంగు ఏస్తే పారే నీళ్ళలో ఉతకల్ల. నెల తిరిగితే జీతమొచ్చే నీకు నిజం సెప్పేది సులువు," అన్నాడు తమ్ముడు.

వాడన్నదీ నిజమే.

అమ్మ నీ పటం ముందు విస్తరి వేసి తమ్ముణ్ణి రెండుసార్లు పిలిచింది. వాకిట్లోకి పోయి కూర్చున్న వాడు లేవలేదు. కొడుకు వెలిగించాల్సిన కర్పూరం నేను వెలిగించాను, నాయనా.